బడికి ఇంకా మూడు నెలలు... బాబు నోట్‌బుక్ దాచేస్తున్నాడు

ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీల ఉత్తరం కాబట్టి సారాంశం మాత్రం ఇస్తున్నాను.

ఆమెకు ఒక్కడే బాబు. వాడికి మూడేళ్ళ తొమ్మిది నెలలు. మరో మూడు నెలల్లో కిండర్‌గార్టెన్‌లో చేరాలి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలకు వెళ్తారు, పగలంతా బాబు నాయనమ్మ దగ్గర ఉంటాడు. ఆవిడ వాణ్ణి కంటికి రెప్పలా చూసుకుంటారు. ఫోన్‌లో బొమ్మలు చూపిస్తూ తినిపిస్తారు, బట్టలు వేస్తారు, బూట్లు తొడుగుతారు, బాత్రూమ్‌కి తీసుకెళ్తారు. వాడు చెయ్యి చాపితే చాలు, నోరు తెరవకుండానే నీళ్ళ గ్లాసు అందుతుంది.

గొడవ నెలన్నర కిందట మొదలైంది. "మా తోటికోడలి కూతురు మావాడి కంటే ఏడు నెలలు పెద్ద. ఇంటికొచ్చినప్పుడు అందరి ముందూ కూర్చుని వంద దాకా అంకెలు రాసేసింది. మావాడు పక్కనే ఉండి దాని పెన్సిల్ విరగ్గొట్టాడు. నాకు తల కొట్టేసినట్టయింది" అని రాశారు. ఆ మర్నాటి నుంచి రోజూ రాత్రి ఏడున్నరకు, ఆఫీసు నుంచి వచ్చి మొహం కడుక్కోగానే, గంటసేపు రాయించడం మొదలుపెట్టారు. చుక్కలు కలపమంటే వాడి గీత ఎటో పోతుంది. రెండో వరుసకే "నాకు రాదు" అని కాగితం మీద పడుకుంటాడు. "పెన్సిల్ ఎడమ చేత్తో తీసుకుంటాడు, అత్తయ్యగారు కుడిచేతిలోకి మారుస్తారు, మళ్ళీ పేచీ" అన్నారు. ఇరవై దాకా గడగడా చెప్తాడు, ఒక్క అంకె కూడా రాయడు.

పది రోజుల కిందట ఆమె ఓపిక నశించి వాడి చేతి మీద కొట్టారు. మర్నాడు నోట్‌బుక్ కనపడలేదు. వెతికితే మంచం కింద, గోడ మూలకి, ఒక చెప్పుల పెట్టె వెనక దొరికింది.

భర్త "వదిలెయ్, బళ్ళో వాళ్ళే నేర్పుతారు" అంటారు. తోటికోడలు ట్యూషన్ పెట్టించమన్నారు. అత్తగారు "పసివాడు, ఇంకో ఏడాది ఇంట్లోనే ఉండనీ" అంటున్నారు. "ఎవరి మాట వినాలో తెలియడం లేదు. బళ్ళో వీడొక్కడే వెనకబడిపోతాడేమోనని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. పైగా కొట్టిన చెయ్యే గుర్తొస్తోంది. వాడు గుర్తుపెట్టుకుంటాడా?" అని ఉత్తరం ముగించారు.

సమాధానం:

మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఎక్కువ భాగం అంకెల గురించీ అక్షరాల గురించీ ఉంది. నన్ను ఆపేసింది మాత్రం మధ్యలో మీరు ఒక్క మాటలో చెప్పి దాటేసిన సంగతి. వాడు పెన్సిల్ ఎడమ చేత్తో తీసుకుంటున్నాడు, పెద్దవాళ్ళు కుడిచేతిలోకి మారుస్తున్నారు. ముందు దీని సంగతి చూద్దాం.

ఒక కాగితం తీసుకుని, మీకు అలవాటు లేని చేత్తో మీ పేరు పది వరుసలు రాయండి. మూడో వరుసకే భుజం బిగుసుకుంటుంది, అక్షరం చెప్పిన మాట వినదు. మీ బాబు నెలన్నరగా రోజూ గంటసేపు చేస్తున్నది ఇదే అయ్యుండొచ్చు. "నాకు రాదు" అని వాడు అన్నప్పుడల్లా నిజమే చెప్పాడేమో.

ప్రతి పదిమందిలో సుమారు ఒకరిది ఎడమచేతివాటం. అది పాడు అలవాటు కాదు, మానిపించాల్సిన పనీ లేదు. ఏ చెయ్యి ముందుకు వస్తుందన్నది చాలామంది పిల్లల్లో మూడు నుంచి ఆరేళ్ళ లోపు స్థిరపడుతుంది. వాడిది ఎడమచేతివాటమో కాదో నేను ఇక్కడి నుంచి చెప్పలేను, మీరు చెప్పగలరు. ఒక వారం పాటు నోరు మెదపకుండా గమనించండి. చెంచా, బ్రష్, బంతి, ఏదైనా సరే వాడికి సరిగ్గా ఎదురుగా, మధ్యలో పెట్టండి. ఏ చెయ్యి ముందు వస్తుందో ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. ఎక్కువసార్లు ఎడమే అయితే ఇక ఎవరూ ఆ చేతిని మార్చకూడదు. రెండూ కలగాపులగంగా వస్తుంటే ఇంకా స్థిరపడలేదని అర్థం, అప్పుడూ మార్చకూడదు, వాణ్ణే తేల్చుకోనివ్వాలి.

ఎడమచేతివాటమే అని తేలితే సౌకర్యాలు చిన్నవే. కాగితం వాడి ఒంటికి కొంచెం ఎడమగా జరిపి, పై అంచు కుడివైపుకు వాలేలా తిప్పి పెట్టండి. పెన్సిల్‌ని మొన నుంచి రెండు మూడు సెంటీమీటర్లు పైకి పట్టుకుంటే రాసింది వాడి కంటికి కనిపిస్తుంది. ఎడమచేతి వాళ్ళ కోసం చేసిన కత్తెర వేరే ఉంటుంది, అది కొనండి. బళ్ళో చేర్చిన రోజే టీచర్‌కి ఈ మాట చెప్పండి, లేకపోతే అక్కడ ఇంకెవరో మారుస్తారు.

ఇక మీరు కొట్టిన దెబ్బ. గుర్తుపెట్టుకుంటాడా అని అడిగారు. ఈ వయసు సంఘటనలు పెద్దయ్యాక చాలావరకు గుర్తుండవు. కానీ పెన్సిల్ కనిపిస్తే కడుపులో భయం పుట్టడానికి సంఘటన గుర్తుండక్కర్లేదు. అందుకని దాన్ని అలా వదిలేయకండి. వాడు ప్రశాంతంగా ఉన్నప్పుడు వాడి ఎత్తుకు కిందికి కూర్చుని చెప్పండి: "ఆ రోజు నేను నీ చేతి మీద కొట్టాను. నాకు కోపం వచ్చింది. అది నీ తప్పు కాదు, నాది తప్పు. ఇంక కొట్టను." అంతే. "నువ్వు రాసి ఉంటే కొట్టేదాన్నే కాదు కదా" అని తోక తగిలించొద్దు. వాడు విననట్టు బొమ్మతో ఆడుకుంటూ ఉండొచ్చు. వింటాడు. నోట్‌బుక్ మళ్ళీ మంచం కిందికి వెళ్తే వెళ్ళనివ్వండి, బయటికి లాగొద్దు. దాన్ని దాచడం వాడికి తెలిసిన భాషలో ఒక మాట చెప్పడం. వినేశాం కాబట్టి మళ్ళీ అడగాల్సిన అవసరం లేదు.

తోటికోడలి పాప సంగతి కూడా చూద్దాం, ఎందుకంటే మీ టెన్షన్ అంతా అక్కడే పుట్టింది. మీ బాబు పుట్టి 45 నెలలైంది. ఏడు నెలలంటే అందులో ఆరో వంతుకు దగ్గర. మన వయసులో ఏడు నెలలు లెక్కలోకి రావు గానీ ఈ వయసులో అది చాలా పెద్ద తేడా. ఇంకొకటి, వంద దాకా రాయడం, లెక్క తెలియడం ఒకటి కావు. బల్ల మీద పది గుండీలు పోసి "నాకు నాలుగు ఇవ్వు" అనండి. గడగడా ఇరవై చెప్పే పిల్లలు కూడా చాలామంది గుప్పెడు తీసి ఇచ్చేస్తారు. లెక్కపెట్టి నాలుగు దగ్గర ఆపడం, ఆఖరున చెప్పిన అంకే మొత్తం సంఖ్య అని తెలియడం, ఇది నాలుగేళ్ళు వచ్చే వేళకు మెల్లగా పట్టుబడే జ్ఞానం. లెక్కలకు పునాది ఇదే. దీనికి నోట్‌బుక్ అక్కర్లేదు. మెట్లు ఎక్కుతూ లెక్కపెట్టడం, ఇంట్లో నలుగురికీ నాలుగు పళ్ళేలు పెట్టమనడం, ఒకటి తక్కువైతే "ఎవరికి రాలేదు?" అని అడగడం చాలు. మీవాడు నాలుగు గుండీలు సరిగ్గా ఇస్తే, నాకు అది వంద అంకెల కాగితం కంటే ఎక్కువ సంతోషం.

చేతి విషయం మరికాస్త చెప్పాలి. మణికట్టులో 8 చిన్న ఎముకలు ఉంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థి. నాలుగేళ్ళ పిల్లల మణికట్టును ఎక్స్-రే తీస్తే వాటిలో కొన్నే ఎముకలుగా కనిపిస్తాయి, మిగతావి ఇంకా ఎముకలుగా మారుతూ ఉంటాయి. వేళ్ళ కండరాల బలం, కంటికీ చేతికీ పొత్తు కూడా ఇంకా కుదురుకుంటూనే ఉంటాయి. మామూలుగా పిల్లలు మూడేళ్ళకు చూసి గుండ్రం గీస్తారు, నాలుగేళ్ళకు కూడిక గుర్తు వేస్తారు, ఆ తర్వాతే చతురస్రం, ఐదేళ్ళ ప్రాంతంలో త్రిభుజం. అక్షరమంటే ఇవన్నీ కలిసిన మెలికలు. గుండ్రం గట్టిపడకుండా అక్షరం అడిగితే గీత ఎటో పోక ఏమవుతుంది?

మరి చేతికి బలం దేనితో వస్తుంది? పిండి ముద్ద పిసికి పాముల్లా చేయడం, బట్టల క్లిప్పులు తాడుకు పెట్టడం, తీయడం, తడి స్పాంజి పిండి ఒక గిన్నెలో నీళ్ళు ఇంకో గిన్నెలోకి చేర్చడం, పాత కాగితాలు చింపడం, కత్తిరించడం. ఇవి వాడికి ఆటలే, వేళ్ళకు మాత్రం మంచి కసరత్తు. పెన్సిల్ కొన్ని వారాలు పక్కన పెట్టి, పొట్టి సుద్దముక్కలు, విరిగిన క్రేయాన్ ముక్కలు ఇవ్వండి. పొడుగ్గా ఉంటే పిడికిలితో పట్టుకుంటారు. వేలెడంత ముక్కైతే మూడు వేళ్ళతో పట్టుకోక తప్పదు. నేల మీద, గోడకు అంటించిన పెద్ద కాగితం మీద, నిలబడి, భుజం తిప్పి గీయనివ్వండి. ఏం గీశాడని అడగొద్దు, "దీని గురించి చెప్పు" అనండి.

ఫ్రెడరిక్ ఫ్రోబెల్ జర్మనీలో 1837లో చిన్నపిల్లల కోసం ఒక చోటు మొదలుపెట్టి, 1840లో దానికి కిండర్‌గార్టెన్ అని పేరు పెట్టాడు. ఆ మాటకు పిల్లల తోట అని అర్థం. అక్కడ పిల్లలు బంతులతో, చెక్క దిమ్మలతో ఆడారు, పాడారు, కాగితాలు మడిచారు, మొక్కలు పెంచారు. 1907లో రోమ్‌లో మరియా మాంటిస్సోరి అనే డాక్టరమ్మ తెరిచిన బళ్ళో అయితే గుండీలు పెట్టుకోవడం, ముడులు వేసుకోవడం నేర్చుకునేందుకు ప్రత్యేకంగా చెక్క చట్రాలే తయారుచేయించారు. వాళ్ళిద్దరూ చిన్నతనాన్ని దగ్గరి నుంచి చూసినవాళ్ళు. అంత శ్రద్ధ గుండీల మీద ఎందుకు పెట్టారో మీ బాబును చూస్తే మీకే తెలుస్తుంది.

నిజంగా నాకు దిగులు కలిగించింది మీవాడు అంకెలు రాయకపోవడం కాదు, నీళ్ళు అడగాల్సిన అవసరం వాడికి ఇంతవరకూ రాకపోవడం. టీచర్ ముందు చాలామంది పిల్లలుంటారు. చెయ్యి చాపితే గ్లాసు రాదు. "నాకు దాహంగా ఉంది", "బాత్రూమ్‌కి వెళ్ళాలి", "వాడు నా బొమ్మ లాక్కున్నాడు", "ఇది నాకు రావడం లేదు, సాయం చెయ్యండి". ఈ నాలుగు మాటలు నోరు తెరిచి కొత్త మనిషితో అనగలిగితే చాలా వరకు గట్టెక్కుతాడు. రేపటి నుంచి ఇంట్లో అందరూ ఒక చిన్న పని చేయండి. వాడు చెయ్యి చాపినప్పుడు పది సెకన్లు ఆగండి. "ఏం కావాలి?" అని మొహం చూడండి. మాట వచ్చాకే ఇవ్వండి. పది సెకన్లు మీకు చాలా పొడుగ్గా అనిపిస్తాయి.

బాత్రూమ్ విషయం ఇంకా ముఖ్యం. చాలామంది పిల్లలు కొత్త చోట బాత్రూమ్‌కి వెళ్ళడానికి బెదిరి రోజంతా ఆపుకుంటారు, దాంతో మలబద్ధకం, కడుపునొప్పి మొదలవుతాయి. నిక్కరు దించుకోవడం, కడుక్కోవడం, మళ్ళీ వేసుకోవడం, చేతులు సబ్బుతో కడుక్కోవడం, ఒక్కో మెట్టూ నేర్పండి. బంధువుల ఇంటికి వెళ్ళినప్పుడు అక్కడి బాత్రూమ్ కూడా వాడించండి. మొదటి కొన్ని నెలలు గుండీల ప్యాంట్లు, బెల్టులు వద్దు. సాగే నడుముపట్టీ ఉన్నవే వేయండి. అర్జెంటుగా వచ్చినప్పుడు గుండీతో కుస్తీ పట్టాల్సి వస్తే ఏమవుతుందో మీకు తెలుసు.

చొక్కా గుండీ నేర్పే పద్ధతి ఒకటి చెప్తాను. మొదటి నుంచి కాకుండా చివరి నుంచి నేర్పండి. గుండీని మీరే కాజాలో సగం దూర్చి ఆపండి. రెండోవైపు నుంచి లాగే పని వాడిది. "పెట్టేశావు!" అనగానే వాడి మొహం చూడండి. నాలుగు రోజులకు అంచు వరకే దూర్చండి. తర్వాత కాజా పట్టుకుని తెరవండి చాలు. ఆఖరి మెట్టు ఎప్పుడూ వాడిదే కాబట్టి ప్రతిసారీ గెలుపుతోనే ముగుస్తుంది. బూటు, జిప్పు, డబ్బా మూత, నీళ్ళ సీసా అన్నిటికీ ఇదే దారి.

ఇవన్నీ పగలు జరగాలి, పగలు వాడు మీ అత్తగారి దగ్గర ఉంటాడు. కాబట్టి ఆవిడే గురువు. మీరు "మీరు గారాబం చేసి పాడుచేశారు" అనే ధోరణిలో మొదలుపెడితే పని చెడుతుంది, పైగా అది అన్యాయం కూడా. మీరు నిశ్చింతగా ఉద్యోగానికి వెళ్ళగలుగుతున్నది ఆవిడ చేతుల మీదే కదా. "అత్తయ్యగారూ, బళ్ళో మీరుండరు. అక్కడ వీడు బిక్కమొహం వేసుకుని కూర్చోకుండా మీరే నేర్పాలి. మీ మాటే వింటాడు" అని అడిగి చూడండి. తను లేనప్పుడు మనవడు ఇబ్బంది పడతాడన్న ఊహ ఆవిణ్ణి కదిలించినంతగా మన వాదనలు కదిలించవు. వారానికి ఒక్క పని అప్పజెప్పండి. ఈ వారం బూట్లు, వచ్చే వారం తన చేత్తో తినడం. ఒలకబోస్తాడు, గంట పడుతుంది. ఆ గంట ఆవిడ దగ్గర ఉంది, మీ దగ్గర లేదు.

ఫోన్ చూపిస్తూ తినిపించడం మానాలంటే మొదటి మూడు నాలుగు రోజులు తిండి తగ్గుతుంది. కంగారు పడొద్దు. ఆకలేసిన పిల్లాడు తింటాడు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం మూడు, నాలుగేళ్ళ పిల్లలకు తెర ముందు రోజుకు గంటకు మించకూడదు, నిద్ర పగటి కునుకుతో కలిపి 10 నుంచి 13 గంటలు ఉండాలి. మీరు రాసినదాన్ని బట్టి పాఠం ముగిసేసరికే ఎనిమిదున్నర, ఏడుపు తగ్గి నిద్రపోయేసరికి పది దాటుతుంది. బడి మొదలయ్యాక పొద్దున్నే లేవాలి. ఇప్పటి నుంచి వారానికి పదిహేను నిమిషాల చొప్పున ముందుకు జరపండి.

మరి రోజూ ఏడున్నరకు మీరు రాయించే ఆ గంట? అది పోగొట్టుకోవద్దు. వాడు రోజంతా ఎదురుచూశాక మీరు వచ్చే వేళ అది. ఇరవై నిమిషాలు ఒక బొమ్మల పుస్తకం పట్టుకుని మీ ఒళ్ళో కూర్చోబెట్టుకోండి. చదువుకుంటూ పోకుండా మధ్యలో ఆపి "ఇప్పుడు ఏమవుతుందంటావు?", "వాడెందుకు ఏడుస్తున్నాడు?" అని అడగండి. వాడు రెండు ముక్కల్లో చెప్తే మీరు దాన్ని పూర్తి వాక్యంగా తిరిగి చెప్పండి. పడుకునే ముందు శబ్దాల ఆట ఆడండి: "ప తో మొదలయ్యేవి చెప్పుకుందామా? పడవ, పలక, పక్షి..." మాటలో శబ్దాలను విడదీసి వినగలిగిన పిల్లలకు రేపు చదవడం సులువవుతుంది. చెవితో నేర్చుకోవాల్సింది చేతితో నేర్చుకోవాల్సిన దానికంటే ముందు వస్తుంది.

ఇప్పుడు మీ ముందున్న దారులు. పాఠాలు ఇలాగే కొనసాగిస్తే మూడు నెలల్లో వాడు కొన్ని అంకెలు రాయొచ్చు, కానీ బడి మొదటి రోజు టీచర్ పెన్సిల్ ఇవ్వగానే "నాకు రాదు" అనే మాటతో మొదలుపెడతాడు. ట్యూషన్ మీకు కాస్త ఊరట ఇస్తుంది. పిల్లలతో కలిసి ఆడే చోటైతే వాడికీ మేలే, కొత్త మనుషులు అలవాటవుతారు. రాయించే ట్యూషన్ అయితే ఏడుపు ఇంకో ఇంటికి మారుతుంది, అంతే. మీవారు చెప్పినట్టు వదిలేస్తే భయం తగ్గుతుంది. రాయించడం విషయంలో ఆయన మాట సగం నిజం. కానీ బూట్లు, బాత్రూమ్, అడగడం, మీరు లేకుండా ఉండడం, ఇవి వదిలేస్తే వచ్చేవి కావు. ఆయన్ని కూడా పనిలోకి దించండి.

ఏడాది ఆపడం గురించి తొందరపడి కొట్టిపారేయను. తరగతిలో అందరికంటే చిన్నవాళ్ళు మొదట్లో వెనకబడినట్టు కనిపించడం మామూలే, ఆ తేడా ఏళ్ళు గడిచేకొద్దీ తగ్గుతుంది. మీవాడు ఆ తరగతిలో మరీ చిన్నవాడైతే, బాత్రూమ్ విషయంలో మూడు నెలల తర్వాత కూడా ఏ మార్పూ లేకపోతే, టీచర్‌తో మాట్లాడి ఆలోచించవచ్చు. అయితే ఆ ఏడాది ఇప్పటిలాగే నాయనమ్మ, ఫోన్ మధ్య గడిస్తే వాడికి ఒరిగేదేమీ లేదు. కేవలం రాయడం రాదని ఆపడం మాత్రం వద్దు. నా ఓటు, పాఠాలు ఆపేసి, ఈ మూడు నెలలూ చేతిపనుల మీద, మాట మీద పెట్టడానికే. చివరి నిర్ణయం వాణ్ణి రోజూ చూసే మీది.

ఒక్క జాగ్రత్త. వెనక నుంచి పిలిస్తే పలకకపోయినా, కొత్తవాళ్ళకు వాడి మాటలు చాలావరకు అర్థం కాకపోయినా, ఇదివరకు వచ్చినవి పోతున్నట్టు అనిపించినా బడి దాకా ఆగకుండా పిల్లల డాక్టర్‌కి చూపించి చెవి పరీక్ష చేయించండి. "ర" పలకకపోవడం లాంటివి ఈ వయసులో సహజం.

ఆఖరిది, విడిచి ఉండడం. మీరిద్దరూ, నాయనమ్మా ఎవరూ లేకుండా వాడు ఎప్పుడైనా గంటసేపు ఉన్నాడా? లేకపోతే ఈ వారమే మొదలుపెట్టండి. వాడికి తెలిసిన ఇంట్లో పదిహేను నిమిషాలు, తర్వాత అరగంట, తర్వాత రెండు గంటలు. వాడు ఆటలో పడగానే కళ్ళుగప్పి జారుకోకండి. అలా వెళ్తే వాడు ఆ తర్వాత ఆట మీద మనసు పెట్టడు, మీ కొంగు మీదే కన్నేసి ఉంచుతాడు. చెప్పి వెళ్ళండి, పొట్టిగా వెళ్ళండి. "రెండు గంటల్లో వస్తా" అంటే వాడికి అర్థం కాదు, "నువ్వు తిని, ఒక కథ విన్నాక వస్తాను" అనండి, ఆ వేళకే రండి. ఏడుస్తాడు. బళ్ళో కూడా మొదటి రోజుల్లో ఏడుస్తాడు. మీరు గేటు దాటాక ఎంతసేపటికి ఆపాడో టీచర్‌ని అడుగుతూ ఉండండి. ఆ సమయం రోజురోజుకూ తగ్గుతుంటే అంతా సవ్యంగా ఉన్నట్టే. నెల దాటినా తగ్గకపోతే, తిండి, నిద్ర కూడా మారిపోతే నాకు మళ్ళీ రాయండి.